నాలుగొందల పదిహేడో ఒర

ఆ కటారులతో ఎవరైనా ఎవరినైనా పొడిచినట్టు గోపాలరేవు చరిత్రలో దాఖలా లేదు. పొడవాలన్న బుద్ధి పుట్టినవాళ్ళు ఆ ఊళ్ళో లేకపోలేదు గానీ, వాళ్ళంతా నాలుకతోనే పని కానిచ్చేవాళ్ళు. అలాంటి ఊరికి ఒక శుభముహూర్తాన ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు శాలువా కప్పారు, గజమాల వేశారు, జ్ఞాపికగా ఒక పాతకాలపు కటారిని చేతిలో పెట్టారు. ఒరలో పెట్టి ఇవ్వాలన్న ఇంగితం మాత్రం ఎవరికీ లేకపోయింది. పెద్దమనిషి చిటికెనవేలు గీరుకుంది. వచ్చిన నెత్తురు ఒక్క చుక్క, దాన్ని తుడవడానికి వచ్చిన డాక్టర్లు నలుగురు.

పదకొండో రోజున ఉత్తర్వు వెలువడింది. అందులోని సారాంశం ఇది: తన సొంత ఒరలో ఉన్న కటారిని కళాఖండముగా పరిగణించవలెను. తన సొంత ఒరలో లేని కటారిని మారణాయుధముగా పరిగణించవలెను. అట్టి మారణాయుధమునకు ముప్పది దినములలోగా సొంత ఒరను సమకూర్చని యెడల దానిని కరిగించవలెను. దీని అమలు కోసం పాత పశువుల ఆసుపత్రి మేడమీద ‘పదునైన పురావస్తువుల ప్రత్యేక కార్యాలయం’ తెరిచారు. కింద గేదెలు లేకపోయినా వాసన ఇంకా ఉండేది.

ఈ ఉత్తర్వును పేపర్లో చదివి జిల్లా మొత్తం మీద అన్నం ముద్ద దిగని మనిషి ఒక్కడే. అతని పేరు నేలపూడి ఏలియా.

ఏలియా ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్ళు స్టోర్ కీపరుగా చేసి రిటైరైనవాడు. నట్టు ఒక అరలో ఉండి దానికి పట్టే బోల్టు మరో అరలో ఉందంటే ఆ రోజంతా మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. రిటైరయ్యాక ఆ జబ్బు కటారుల మీదికి మళ్ళింది. అతని భార్య సువార్తమ్మ చీరలు పెట్టుకుందామని కొనిపించిన గాజు తలుపుల బీరువాలో ఇప్పుడు ముప్పైయొక్క కటారులూ, ముప్పై ఒరలూ ఉన్నాయి. చీరలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

అవి మామూలు కత్తులు కావు, అడ్డపిడి కటారులు. కత్తికి పిడి నిలువుగా ఉంటే వీటికి అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగిస్తే పిడి అరచేతిలో ఇమిడిపోయి, అలుగు, అంటే పదునున్న ఇనప భాగం, వేళ్ళ మధ్యనుంచి బెత్తెడు ముందుకు వస్తుంది. ఒకప్పుడు మన్యానికి వెళ్ళే కలప వ్యాపారులు ఎలుగుబంటి ఎదురైతే పనికొస్తుందని వీటిని నడుముకు కట్టుకునేవాళ్ళు. ఎలుగుబంటి అంత దగ్గరకు వచ్చాక ఈ బెత్తెడు ఇనుము ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. జమ్మి రామజోగయ్య అనే ఆసామి గోపాలరేవులో కార్ఖానా పెట్టి వీటిని చేయించేవాడు. దారులు పడి లారీలు తిరగడం మొదలయ్యాక గిరాకీ తగ్గింది, కార్ఖానా మూతపడింది. ఆ తరవాత అలాంటివి ఎవరూ చేయలేదు.

కటారులు కమ్మరులు సాగగొట్టేవాళ్ళు. ఒరలు కుట్టింది ఒక్కడే, ఏలియా తండ్రి సంసోను. ఆయన పద్ధతి వేరు. తోలును నీళ్ళలో నానబెట్టి, నూనె పట్టించిన కటారికి తడిగా చుట్టి, కటారి లోపల ఉండగానే కుట్టేవాడు. మూడు రోజులు నీడలో ఆరేసరికి తోలు బిగుసుకుని ఆ అలుగు ఎత్తుపల్లాలన్నీ పట్టేసేది. చేత్తో సాగగొట్టిన అలుగులు ఏ రెండూ ఒక్కలా ఉండవు కాబట్టి, ఏ కటారి ఒరలో ఆ కటారే పట్టేది. ఇంకోటి దూర్చబోతే సగంలో ఆగిపోయేది. సొంతదైతే చివర్లో ‘టక్కు’మనేది. ఆ టక్కుమనడం ఎందుకంటే, తోలు పూర్తిగా ఆరకముందే సంసోను ఒర మూతి లోపల కుడిచేతి బొటనవేలితో గట్టిగా ఒక గుంట నొక్కేవాడు. కటారి భుజం వెళ్ళి ఆ గుంటలో కూర్చునేది.

కార్ఖానా బోర్డు మీద రామజోగయ్య పేరుండేది. అలుగుల మీద కార్ఖానా ముద్రా, నంబరూ ఉండేవి. ఇరవై రెండేళ్ళు కార్ఖానా రేకుల పంచన కూర్చుని కుట్టిన సంసోను పేరు ఎక్కడా లేదు. రామజోగయ్య పిలిస్తే ‘ఏరా’, పిలవకపోతే అదీ లేదు. ఆయన ఈ భూమ్మీద మిగిల్చి వెళ్ళినది ఆ బొటనవేలి గుంట ఒక్కటే. కొడుకు బీరువా నింపింది కటారుల పిచ్చితో అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. అతను పోగేసింది గుంటల్ని.

నాలుగొందల పదిహేడు ఆఖరి నంబరు. ఆ ఒర కుట్టాక సంసోను తోలు కుట్టే ఆరె పక్కన పెట్టేశాడు, మూడో ఏడు పోయాడు. ఆ కటారి పాత ఇనప సామాన్ల కుప్పలో ఆరేళ్ళ క్రితం ఏలియాకు దొరికింది. దాని ఒర దొరకలేదు. ఇప్పుడు ముప్పై రోజుల్లో అది దొరకాలి, లేదా నాన్న ఆఖరిసారి చేతుల్లో పట్టుకున్న కటారి కొలిమిలోకి పోవాలి.

మర్నాడే ఏలియా అన్నింటినీ దుప్పట్లో మూటగట్టుకుని ఆటోలో కార్యాలయానికి వెళ్ళాడు. ప్రత్యేకాధికారి సర్వోత్తమరావు అంతకుముందు ఉద్యానవన శాఖలో మామిడి అంట్ల విభాగం చూసేవాడు. అంటు కట్టడమూ ఒర తొడగడమూ ఒకే జాతి పనులని పైవాళ్ళకు తోచి ఇక్కడ వేశారు.

“నంబరు ఎక్కడ ఉన్నది?” అన్నాడు సర్వోత్తమరావు మొదటి జతను కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

“ఒర మూతి మీదా ఉందండి, అలుగు మొదట్లోనూ ఉందండి. రెండూ ఒకటేనండి. తీసి చూపిస్తాను…”

“ఆగండి!” అధికారి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. “ఒరలోనుండి తీసిన మరుక్షణం అది మారణాయుధం. ప్రభుత్వ ప్రాంగణంలో మారణాయుధ ప్రదర్శన శిక్షార్హం. తీయరాదు.”

“తీయకపోతే లోపలున్నది దీని కటారో కాదో మీకెలా తెలుస్తాదండి?”

“తెలుసుకొనవలెనని ఉత్తర్వులో ఎక్కడా పేర్కొనబడలేదు. ఉన్నదని భావించడమైనది.”

“మరి ఎవరైనా ఖాళీ ఒర పట్టుకొస్తేనండి?”

“ఖాళీ అని తేలాలన్నచో తీసి చూడవలెను గదా. తీయరాదు గదా,” అన్నాడు సర్వోత్తమరావు, చిన్నపిల్లాడికి ఎక్కం చెప్పినంత ఓపిగ్గా.

ముప్పై జతలకు ముప్పై ‘కళాఖండము’ ముద్రలు పడ్డాయి. చివర్లో ఏలియా గుడ్డ మడత విప్పి నాలుగొందల పదిహేడును బల్లమీద పెట్టాడు. సర్వోత్తమరావు దిగ్గున లేచి నిలబడ్డాడు. గుమస్తా తలుపు వేసేశాడు. ఒంటిమీద నూలుపోగు లేని మనిషి ఆఫీసులో జొరబడినంత కంగారు పుట్టింది అక్కడ. పది నిమిషాల్లో హెడ్ కానిస్టేబుల్ కొండలరావు గోనెసంచితో వచ్చి దాన్ని పట్టుకుని స్టేషనుకు తీసుకుపోయాడు. ఏలియా చేతికి ఒక రసీదు వచ్చింది: ఒర లేని మారణాయుధము, ఒకటి.

ఇంటికి వచ్చి కూర్చున్న భర్తను చూసి సువార్తమ్మ, “పోన్లెండి, ముప్పై మిగిలాయి గదా,” అంది.

“అది నాన్న ఆఖర్న చెయ్యెట్టింది, సువార్తా,” అన్నాడు ఏలియా.

ఆవిడ, “రేపట్నించి కేరేజీ కట్టిస్తాను. తిరగండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏలియా తిరిగాడు. పాతినప సామాన్ల వ్యాపారి ఆ కటారి ఏదో లంక ఊరి సరుకులో వచ్చిందన్నాడు గానీ, ఏ లంకో గుర్తులేదన్నాడు. గోదావరిలో లంకలకు కొదవా? ఇరవైరెండో రోజున, పదకొండో లంకలో, నూకరత్నం అనే ముసలమ్మ అరుగు మీద కూర్చుని చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీలుస్తూ కనిపించింది. అది అయిపోయాక బొడ్లోంచి నల్లటి తోలు సంచీలాంటిది తీసి, అందులోంచి ఇంకో చుట్ట లాగింది. ఏలియా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

“ఏటి బాబూ అలా చూత్తన్నావ్? చుట్టేమన్నా కావాలేటి?” అంది ముసలమ్మ.

“చుట్టొద్దమ్మా. చుట్టలెట్టుకున్నది ఓసారి చూపించవా.”

ఆవిడ ఇచ్చింది. ఏలియా దాని మూతిని వెలుగుకు తిప్పాడు. నాలుగు కనిపించింది. చివర ఏడు కనిపించింది. మధ్యలో అంకె అరిగిపోయింది. కుడిచేతి బొటనవేలిని మెల్లగా మూతి లోపలికి పోనిచ్చాడు. వేలు వెళ్ళి గుంటలో కూర్చుంది, కొలిచి నొక్కినట్టు. వాళ్ళమ్మ ఎప్పుడూ అనేది, వీడివి అచ్చం నాన్న చేతులని. నలభై ఏళ్ళ పైమాట తరవాత నాన్న వేలు తాకినట్టయి, ఏలియా ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చాడు.

“మా ఆయన పోయేక కత్తి పాతినపోడికి ఏసేశాను. ఇది మాత్తరం ఉంచుకున్నాను,” అంది నూకరత్నం, అతను ఎందుకు ఏడుస్తున్నాడో అడక్కుండా. “శ్రావణమాసం ముసుర్లో కూడా ఇందులో చుట్ట మెత్తబడదు. ఎవడు కుట్టేడో గాని మారాజు.”

“మా నాన్నమ్మా.”

“అయితే మరి నీదే, అట్టుకెళ్ళు. నా చుట్టలకో దారి సూపించి ఎళ్ళు.”

ఏలియా తన కళ్ళజోడు పెట్టుకునే స్టీలు డబ్బా ఆవిడ చేతిలో పెట్టాడు. కళ్ళజోడు జేబులో వేసుకుని, ఒరను రుమాల్లో చుట్టి, ఏరు దాటించే పంటు ఎక్కాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, గోపాలరేవు బస్టాండులో కొండలరావు కాపు కాసి ఉన్నాడు. ఉత్తర్వులో ఏడో నిబంధన ఒకటి ఉంది: కటారి లేని ఒర ఎవరివద్దనైనను కనబడిన యెడల, వారు కటారిని దాచియున్నారని భావించవలెను. దాని ప్రకారం వారం రోజులుగా కొండలరావు ప్రయాణికుల సంచుల్లో ఖాళీ ఒరలు వెతుకుతున్నాడు. అప్పటికి రెండు గొడుగు తొడుగులూ, ఒక పిల్లనగ్రోవి సంచీ పట్టుకున్నాడు.

“ఒర దొరికింది. కత్తేదీ?” అన్నాడు రుమాలు విప్పి.

“మీ స్టేషన్లోనే ఉందండి. మీరే గదండీ గోనెసంచిలో అట్టుకెళ్ళేరు.”

“మా దగ్గరున్నది ఒర లేని కత్తి. ఇది కత్తి లేని ఒర. అదో కేసు, ఇదో కేసు.”

“రెండూ కలిపేస్తే రెండు కేసులూ పోతాయి గదండీ!”

కొండలరావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఆ సంగతి నాకు తెలీదేటండి, ఏలియా గారూ? కేసులు కట్టేవోళ్ళం గాని కలిపేవోళ్ళం కాదు మేం. కలపాలంటే మేడమీదోళ్ళు కలపాల.”

మేడమీద సర్వోత్తమరావు ఒరను చూసి, తోలుతో చేసిన పురావస్తువు కనుక తన అధీనంలో ఉండాలని బీరువాలో పెట్టి తాళం వేశాడు. కటారి స్టేషన్లో ఉంది. ఒర కార్యాలయంలో ఉంది. రెంటికీ మధ్య దూరం ఒక టీకొట్టు. మారణాయుధాన్ని పురావస్తు కార్యాలయానికి తేరాదు, పురావస్తువును పోలీసు స్టేషనుకు పంపరాదు. ఈ ముక్క చెప్పుకోడానికి ఆ రెండు ఆఫీసులూ నాలుగు రోజుల్లో పదమూడు ఉత్తరాలు రాసుకున్నాయి. వాటిని మోసింది టీకొట్టు వీర్రాజే, గ్లాసులతో పాటు.

ఈలోగా ఊరు ఊరంతా ఒరల మీద పడింది. కటారికి ఒర ఉండాలన్నారు సరే, కొడవలి మాటేమిటి, మంగలికత్తి మాటేమిటి అని ఎవరో అమాయకంగా అర్జీ పెట్టారు. అర్జీ పెట్టనంతవరకు ప్రభుత్వానికి ఆ ఆలోచనే లేదు. మర్నాడు ‘పదునుగల సమస్త వస్తువులకు’ అని సవరణ వచ్చింది. కత్తిపీటకు సొంత ఒర పుట్టుకతోనే లేదు కాబట్టి, అది పుట్టుకతోనే మారణాయుధమైంది. ఒక పెళ్ళిలో వంటవాళ్ళు వంకాయల్ని చేత్తో చీల్చి గుత్తివంకాయ వండారు. మగపెళ్ళివారు దాన్ని అవమానంగా తీసుకున్నారు.

స్కూలు బ్యాగుల కొట్టు చంటిబాబుకు మాత్రం పండగొచ్చింది. రెక్సిన్‌తో ఒరలు కుట్టి, కాల్చిన ఊచతో నంబరు వేసి, ‘అసలుసిసలు పాతకాలపు ఒరలు, కోరిన నంబరులో’ అని బోర్డు కట్టాడు. వాటిలో ఒకదాన్ని చూసి సర్వోత్తమరావు ముచ్చటపడి, నంబరు ఇంత స్పష్టంగా ఇంకే ఒర మీదా లేదని మెచ్చుకుని, కార్యాలయపు అధికారిక నమూనాగా గాజుపెట్టెలో పెట్టాడు. పైగా ఏలియాను పిలిచి హితవు చెప్పాడు.

“చూడండి, సదరు చంటిబాబు వద్దనుండి నాలుగువందల పదిహేడు అని వేయించి ఒక ఒర దాఖలు చేయండి. పది నిమిషాలలో పరిష్కారము. నేను మీ శ్రేయోభిలాషిగా చెబుతున్నాను.”

“మా నాన్న కుట్టింది మీ బీరువాలో ఉండగా, బ్యాగులోడు కుట్టింది తొడగమంటారా అండీ?”

“అది మీ నాన్నగారు కుట్టినదని రుజువు?”

“కటారి అందులో పెట్టి చూడండి. అదే చెప్తాది.”

సర్వోత్తమరావు జాలిగా తల ఊపాడు. అంత సులువైన పద్ధతి ప్రభుత్వంలో చెల్లదని ఆ జాలికి అర్థం.

ముప్పయ్యో రోజు వచ్చింది. ఇరు కార్యాలయాల పరిధిలోకీ రాని స్థలం కావాలని, టీకొట్టు బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ‘సంయుక్త ఒర-కటారి సమన్వయ సంఘం’ సమావేశం పెట్టారు. సర్వోత్తమరావు ఒర తెచ్చాడు. ఎస్సై గోనెసంచి తెచ్చాడు. ఖడ్గాల మీద పరిశోధన చేసి ఖడ్గాన్ని ఎన్నడూ ముట్టుకోని ఒక ఆచార్యుడు నిపుణుడిగా వచ్చాడు. అయిదు గంటలకు గడువు ముగుస్తుందని, పక్కనే లారీ మీద కొలిమి రాజేసి ఉంచారు. వీర్రాజు ఆ నిప్పుల మీద రెండు కెటిల్స్ మరిగించుకున్నాడు.

ఆచార్యుడు ఒరను చిన్న పట్టకారుతో పట్టుకుని చాలాసేపు చూశాడు. “మూడు లోపాలున్నాయి. ఒకటి, పొగాకు వాసన. ఇది అధికారిక నమూనాలో లేదు. రెండు, మధ్య అంకె లేదు. నమూనాలో అన్ని అంకెలూ ఉన్నవి. మూడు, మూతి లోపల ఒక సొట్ట ఉన్నది. నమూనా నునుపుగా ఉన్నది. కాబట్టి ఇది నకిలీ అని నా సవినయ అభిప్రాయం.”

“అది సొట్ట కాదండీ,” అన్నాడు ఏలియా లేచి నిలబడి. “అది మా నాన్న బొటనవేలు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ కటారి ఇందులో పెట్టి చూడండి బాబూ. దీనికి తప్ప దేనికీ పట్టదు.”

“పెట్టుటకు ముందు ఒర అసలుదని తేలవలెను,” అన్నాడు సర్వోత్తమరావు.

“అసలుదని తేలాలంటే పెట్టి చూడాలి గదండీ!”

“అందుకే తేలుటలేదు,” అన్నాడు సర్వోత్తమరావు. వాచీ చూసుకున్నాడు. “నాలుగు యాభై ఎనిమిది. ఎస్సై గారూ, కరిగించుటకు ఏర్పాటు చేయగలరు.”

ఎస్సై గోనెసంచి మూతి విప్పి కటారిని బల్లమీద పెట్టాడు. లారీ మీదివాడు పట్టకారు అందుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా పుచ్చుకోని ఏలియా, పై అధికారి ముందు కూర్చోడానికే జంకే ఏలియా, బల్ల మీదికి వంగి ఒక చేత్తో కటారినీ ఒక చేత్తో ఒరనూ తీసుకున్నాడు.

టక్కుమంది.

టీ వడపోస్తున్న వీర్రాజు చెయ్యి ఆగిపోయింది. ఆ చప్పుడు అక్కడ అందరికీ వినిపించింది. దాని అర్థం కూడా అందరికీ తెలిసింది. తెలిసినట్టు ఒప్పుకోవడం మాత్రం ఎవరి ఉద్యోగ విధుల్లోనూ లేదు.

“ఏమిటీ దౌర్జన్యం!” అన్నాడు సర్వోత్తమరావు.

“సొంత ఒరలో పెట్టానండి.”

“బయటికి తీయించండి!” అని ఎస్సై అరిచాడు. కొండలరావు చెయ్యి చాచి, సగంలో ఆపేశాడు.

“సార్, తీస్తే మారణాయుధమండి. ఎవరు తీస్తే కేసు వాళ్ళమీదేనండి.”

ఎస్సై సర్వోత్తమరావు వైపు చూశాడు. సర్వోత్తమరావు ఆచార్యుడి వైపు చూశాడు. ఆచార్యుడు టీ గ్లాసులోకి చూశాడు.

“ఏలియా గారూ, పోనీ మీరే తీసేయండి,” అన్నాడు ఎస్సై కాస్త మర్యాదగా.

“నాకెందుకండీ ఆ నేరం?”

“అది సొంత ఒర అని సంఘం తేల్చలేదే!” అన్నాడు సర్వోత్తమరావు.

“కాదని తేలాలన్నా తీసి చూడాలి గదండీ,” అన్నాడు ఏలియా. “తీయకూడదు గదండీ.”

అయిదు గంటలైంది. కొలిమి ఊరికే మండుతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయిన సర్వోత్తమరావు కలం తీసి, ‘సొంత ఒరలో ఉన్నదని భావించడమైనది’ అని రాసి సంతకం చేశాడు. ఏలియా కళ్ళు తుడుచుకుని చెయ్యి చాచేలోగా పదకొండో నిబంధన బయటికి వచ్చింది: సంఘము పరిశీలించిన కళాఖండము ప్రభుత్వ పరమగును. కొలిమి తప్పిన కటారిని, పెట్టబోయే ప్రదర్శనశాల కోసమని పట్టుకుపోయారు.

రెండు నెలల్లో పశువుల ఆసుపత్రి కింది భాగంలో ప్రదర్శనశాల తెరిచారు. ఏలియా, సువార్తమ్మ చూడ్డానికి వెళ్ళారు. గాజుపెట్టెలో నాలుగొందల పదిహేడు కటారి తన ఒరలో హాయిగా ఉంది. కింద పలక మీద ఇలా ఉంది: తయారీ, జమ్మి రామజోగయ్య. సేకరణ, సర్వోత్తమరావు. ఒర కుట్టినవారు, లేరు.

“లేరంటారేటండీ? కుట్టకుండానే ఒరైపోయిందా!” అంది సువార్తమ్మ, హాలంతా వినబడేలా.

ఏలియా తండ్రి పేరు చేర్చమని దరఖాస్తు పెట్టాడు. జవాబు వెంటనే వచ్చింది, ప్రభుత్వం అంత వేగంగా అన్యాయం కూడా చేయదు. ‘ఒర లోపలి వేలిగుంటతో సరిపోల్చుటకు గాను, సదరు నేలపూడి సంసోనును బొటనవేలితో సహా వచ్చే సోమవారం ఉదయం పదిన్నరకు కార్యాలయమునకు హాజరుపరచవలెను. హాజరుపరచని యెడల ఒర కుట్టినవారు లేరని ఖాయపరచబడును.’

సోమవారం పదిన్నరకు ఏలియా ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. గుమస్తా రిజిస్టరు మీదనుంచి తల ఎత్తలేదు.

“సంసోను ఎవరు?”

“నాన్న తరఫున వచ్చానండి.”

“తరఫున అనే గడి ఇందులో లేదండి. హాజరు, గైరుహాజరు, రెండే ఉన్నాయి.”

ఏలియా ఒక్క క్షణం ఆలోచించాడు. “అయితే హాజరండి.”

“వయసు?”

“ఉంటే తొంభైయారండి.”

గుమస్తా అప్పుడు తల ఎత్తి అరవయ్యారేళ్ళ ఏలియాను ఎగాదిగా చూశాడు. “గట్టి పిండమే తాతగారూ!” అని సిరా ప్యాడు ముందుకు తోశాడు. ఏలియా కుడిచేతి బొటనవేలు ముద్ర వేశాడు. దాన్ని గుంటతో సరిపోల్చాలంటే కటారిని ఒరలోంచి తీయాలి. తీయరాదు. అందుచేత సరిపోయినదని భావించడమైనది.

నెల తిరిగేసరికి పలక మారింది. ఒర కుట్టినవారు: నేలపూడి సంసోను. ఏలియా ఆ రోజు గాజుపెట్టె ముందు ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. కాపలావాడు వచ్చి తలుపులు వేసుకోవాలని చెప్పాడు.

ఆ మర్నాడు పోస్టులో ఒక పొడుగాటి కవరు వచ్చింది. మీద ‘శ్రీ నేలపూడి సంసోను గారికి’ అని టైపు చేసి ఉంది. లోపల కాగితం మీద ఇలా ఉంది: ‘తాము ఎట్టి అనుమతియు లేకుండా ఒక మారణాయుధమునకు ఒర కుట్టి, తద్ద్వారా దానిని కళాఖండముగా మార్చినట్లు రికార్డుల ద్వారా రుజువైనది. ఇందుకు తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

సువార్తమ్మ గుండెలు బాదుకుంది. “పోయినాయన మీద కేసేటండీ, ప్రభువా! ఇప్పుడేం చేత్తాం?”

ఏలియా కాగితం పక్కన పెట్టి కవరు అందుకున్నాడు. మీది అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు. ఇరవై రెండేళ్ళు ఆ రేకుల పంచన ‘ఏరా’ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. బీరువా తెరిచి, నాలుగొందల పదిహేడు ఉండాల్సిన ఖాళీలో ఆ కవరును నిలబెట్టి, గాజు తలుపు మూశాడు.

“సంజాయిషీ ఇవ్వరేటండీ? ఇవ్వకపోతే ఏమవుద్దో!”

“ఏమవుద్ది? ఇంకో నోటీసు వస్తాది,” అన్నాడు ఏలియా. “దానిమీదా ముందు ‘శ్రీ’ ఉంటాది, ఎనక ‘గారు’ ఉంటాది. రానీ.”